పడేసే ఉద్యోగం

చర్లపల్లి షెడ్డులో నా ఉద్యోగం పడేయడం.
మీటరు ఎత్తు నిచ్చెన, కింద గచ్చు.
ముందు అడుగు మీద, తర్వాత అంచు మీద,
చివరికి మూల మీద.
మూల మీద పడ్డప్పుడే తెలుస్తుంది
ఏ పెట్టె ఎలాంటిదో.
బ్యాంకు ఫారంలో వృత్తి అన్నచోట
'పడేయుట' అని రాస్తే
గుమాస్తా కళ్లజోడు తీసి మరీ చూశాడు.

పడేది ఖుతేజా బీ అత్తరు సీసా.
బొటనవేలంత.
పత్తర్‌గట్టీ నుంచి మస్కట్ దాకా పోవాలి.
ఇన్నాళ్లూ థర్మోకోల్ గూట్లో కూర్చుని వెళ్లేవి,
ఒక్కటీ పగల్లేదు, నిజం చెప్పాలి.
థర్మోకోల్‌కి కాపాడటం వచ్చు.
చావడమే రాదు.

నాగోల్ వంతెన కింద చూశాను దాన్ని:
తనలో ఒదిగిన టీవీ ఆకారం
ఇంకా మరిచిపోని తెల్లటి ముక్క,
ఈ వానాకాలం నుంచి ఆ వానాకాలానికి అక్కడే,
గుర్రపుడెక్క ఆకుల మధ్య
కొంగలా నటిస్తూ.

ఆ గుర్రపుడెక్కనే కోసుకొచ్చాడు పోశెట్టి.
కాడ విరిస్తే లోపలంతా గదులు,
గదిగదికీ గాలి,
ఎవరూ అద్దెకు దిగని అపార్ట్‌మెంటు.
"నీళ్ల మీద తేలేది
దెబ్బను గూడ తేలిగ్గనే తీస్కుంటది మేడం" అన్నాడు.
ముందు ఆ మాట రాసుకున్నాను,
లెక్కలు తర్వాత కట్టాను.

ఎండబెట్టాం, దంచాం,
చింతగింజల జిగురు కలిపి అచ్చులో నొక్కాం.
మొదటిది చేతిలోనే విరిగింది.
పదకొండోది ముసురుకి బూజుపట్టి
గడ్డం పెంచిన బైరాగిలా మూల కూర్చుంది.
ఇరవై రెండోదాన్ని పోశెట్టి మేక తినేసింది.
మట్టిలో కలుస్తుందని కాగితం ఇవ్వడానికి
ల్యాబువాళ్లు ఆరు నెలలన్నారు;
మేకకి పది నిమిషాలు పట్టింది.
మూసీ నీళ్లు తాగిన మొక్క కదా అని
మూడు రోజులు భయం భయంగా దాని వెంటే తిరిగాను.
అది మాత్రం షెడ్డు గుమ్మంలో నిలబడింది,
ఇరవై మూడోదాని కోసం.

ముప్పై ఏడోది నిలిచింది.
ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి
పత్తర్‌గట్టీ చేర్చాను.
ఖుతేజా బీ దెబ్బ సంగతే అడగలేదు.
మూత తీసి ముక్కుకి ఆనించింది.
"మూసీ" అంది.
అంతే.
కాసేపాగి,
"నలభై ఏండ్ల సంది గులాబీ అమ్ముతున్న బేటీ.
మస్కట్‌ల డబ్బా తెరవంగనే
చాదర్‌ఘాట్ బ్రిడ్జి యాదికి రావాల్నా?"

మళ్లీ మొదలు.
కుంకుడు నురగలో ఒక పూట,
సున్నపు తేటలో ఒక రాత్రి,
ఆ పైన నాలుగు ఎండలు.
రేకుల పక్కన పరిచిన కాడలు చూసి
బోల్టుల కంపెనీ వాళ్లు వడియాలా అని అడిగారు.
అవునన్నాను. చెప్పే ఓపిక లేదు.

ఇవాళ అరవై మూడోది.
నిచ్చెన చివర నేను, చేతుల్లో పెట్టె.
ఈ పనిలో ఒక తిరకాసు ఉంది.
పగిలితే గదంతా గులాబీ.
ఓడిన రోజు ఇంటికి పరిమళిస్తూ వెళ్తాను,
బస్సులో పక్క సీటావిడ
ఏం సెంటమ్మా అని అడుగుతుంది.
గెలిస్తే ఏమీ ఉండదు:
గచ్చు, దుమ్ము, నా చెమట.

వదిలాను.
మూల తగిలింది.
గాలి పీల్చాను.
ఏమీ లేదు.
మళ్లీ పీల్చాను, నెమ్మదిగా,
ఆ ఏమీ లేకపోవడం
ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని.

గుమ్మంలోంచి పోశెట్టి "అయిందా?" అన్నాడు,
ఒక చేత్తో మేకను ఆపుతూ.
"ఇంకా మూడు మూలలున్నాయి" అని
పెట్టె తీసుకుని
నిచ్చెనెక్కాను.